ట్యాంకర్ దగ్గర నిలబడ్డవాడు ఏ జిల్లా మనిషి?

ఆ రోజుల్లో ఖతర్‌లో మనవాళ్ళు శుక్రవారం పొద్దున ఆడిన క్రికెట్ గురించి ఈ మధ్య అందరూ తెగ గుర్తుచేసుకుంటున్నారు. ఎవరి దెబ్బకు బంతి బస్సు టాపు మీద పడిందో, ఎవరు చేతి వేలు వాచినా మూడు ఓవర్లు వేశారో, ఎవరు నో బాల్ ఒప్పుకోక అలిగి రూముకు వెళ్ళిపోయి పడుకున్నారో, అన్నీ చెప్పుకున్నారు. నన్ను మాత్రం వాళ్ళలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఫైనల్లో రెండు జట్ల తరఫునా ఆడినవాణ్ణి నేనొక్కణ్ణే. చివరి బంతిని ఎదుర్కొన్నవాణ్ణి నేనే. ఆ బంతి పడిన చోట నిలబడి ఉండాల్సినవాణ్ణీ నేనే. అయినా ఆ మ్యాచ్ మాట వస్తే "ఎవడో ఒకడు ఉండె గదా" అంటారట. ఆ ఎవడో ఒకణ్ణి నేను. అడగకపోయినా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై దాటి ఎంతో కాలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ క్యాంపు. ఎత్తు కట్టడాలకు ఇనుప పైపులతో పరంజా కట్టే గుంపులో హెల్పర్‌ని. వారమంతా పైపులు అందించడం, శుక్రవారం పొద్దున క్యాంపు వెనక గులకరాళ్ళ మైదానంలో క్రికెట్. టెన్నిస్ బంతికి కరెంటు పని చేసేవాళ్ళ నల్ల టేపు చుట్టి ఆడేవాళ్ళం. ఎండ ముదరకముందే మొదలుపెట్టి, జుమా నమాజుకు పోయేవాళ్ళు బయల్దేరే వేళకు ముగించేవాళ్ళం. బంతి కంపెనీ బస్సుల కిందికి పోతే రెండు పరుగులు, బస్సు అద్దానికి తగిలితే అవుట్ (డ్రైవర్ చూడకపోతే నాటౌట్).

మొదట్లో మాది ఒకటే జట్టు. కరీంనగర్ అని వీపు మీద రాయించిన నీలం జెర్సీలు ఉండేవి. నేనూ ఒకటి వేసుకున్నాను. తర్వాత అక్కడ ఇంటి దగ్గర జిల్లాలు విడిపోయాయి. ఇక్కడ మా జట్టు కూడా విడిపోయింది. మైదానం మధ్యలో కూర్చుని సామాను పంచుకున్నారు. బ్యాట్లు జగిత్యాల జట్టుకు వెళ్ళాయి, స్టంపులు, చేతి గ్లోవులు సిరిసిల్ల జట్టుకు వచ్చాయి. దాంతో ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు ఆడలేని పరిస్థితి వచ్చింది. అది వాళ్ళ తెలివి. నేను అప్పుడే చెప్పాను, ఎవరూ వినలేదు. కొత్త జెర్సీలు కుట్టించారు. జగిత్యాలకు పచ్చవి, సిరిసిల్లకు ఎర్రవి.

నాకు ఏ రంగూ రాలేదు. మా ఊరు కాగితం మీద సిరిసిల్ల జిల్లాలోకి పోయింది. కానీ మా ఊళ్ళో పుట్టినవాడు ఎవడైనా చెప్పులు కొనాలన్నా, సినిమా చూడాలన్నా కోరుట్ల బస్సే ఎక్కుతాడు. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. సిరిసిల్ల కెప్టెన్ స్వయంగా మా బావ, మా అక్క మొగుడు. తాపీ మేస్త్రి. నన్ను వీసా ఇప్పించి తెచ్చింది కూడా ఆయనే. నిండా నమ్మకంతో ఆయన దగ్గరికి పోయి నిలబడ్డాను.

"బామ్మర్దీ, నువ్వు సిరిసిల్ల మొకం ఎన్నడన్న సూసినవా? జన్మంత కోరుట్ల బస్సెక్కినవ్. నువ్వు జగిత్యాలోడివే. పో," అన్నాడు బావ.

జగిత్యాల కెప్టెన్ ఏసీలు రిపేరు చేసే భాయ్. ఏసీ భాయ్ అనే పిలిచేవాళ్ళం. కోరుట్ల మనిషి. తెలుగు, హైదరాబాదీ ఉర్దూ రెండూ ఒక వాక్యంలోనే మాట్లాడేవాడు. ఆయన నా భుజం మీద చెయ్యేసి ప్రేమగా చెప్పాడు. "తమ్మీ, దిల్‌ల బాధ పెట్టుకోకు. నీ ఆధార్ కార్డుల జిల్లా ఏమున్నది? సిరిసిల్ల వడ్డది గదా. సర్కారు చేసిన పనికి నేనేం చేస్త?"

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి మొగుడి మీద ఫిర్యాదు చేశాను. అక్క అంతా విని, "దుబాయ్‌కి పోయింది పని చేస్తందుకా, బంతాట ఆడుతందుకా?" అంది. ఖతర్ దుబాయ్ కాదని అక్కకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. అదీ తేలలేదు.

చివరికి రెండు జట్లూ కలిసి నన్ను కామన్‌గా పెట్టాయి. వీధుల్లో క్రికెట్ ఆడినవాళ్ళకు ఇది తెలుసు, ఆడనివాళ్ళకు చెబుతాను. మనుషులు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవాడు కామన్. ఎవరు ఫీల్డింగ్ చేస్తే వాళ్ళతో ఫీల్డింగ్ చేయాలి. ఎవరు బ్యాటింగ్ చేస్తే వాళ్ళ తరఫున అందరికన్నా చివర బ్యాటింగ్ చేయాలి. బౌలింగ్ ఇవ్వరు. అంటే నిలబడటం రెండింతలు, ఆట సగం. నిలబడే చోటు కూడా రెండు జట్లకూ ఒకటే. మైదానం మూలన క్యాంపుకు నీళ్ళు తెచ్చే ట్యాంకర్ నిలిపేవారు. అది కారీ కారీ అక్కడ ఎప్పుడూ బురద. పైగా పొద్దుటి సూర్యుడు సరిగ్గా కళ్ళలో పడేవాడు. ఇంకెవరూ అక్కడ నిలబడేవాళ్ళు కాదు. ఇద్దరు కెప్టెన్లూ ఒక్క విషయంలోనే ఒకే మాట మీద ఉండేవారు: "కామనోడా, ట్యాంకర్ కాడికి పో!"

నేను పోయేవాణ్ణి. పాత కరీంనగర్ జెర్సీతోనే. అటువైపు లేచిన ప్రతి బంతికీ "నాది! నాది! ఎవ్వరూ రావద్దు!" అని అరిచేవాణ్ణి. (ఒకసారి అరవకపోతే బావ వచ్చి గుద్దుకుని ఇద్దరం బురదలో పడ్డాం. అప్పటినుంచి అరవడం నాకు డ్యూటీ అయింది. ఆ రోజు బావ ప్యాంటు ఉతికింది కూడా నేనే.)

ఇక కౌంటీ సారు గురించి చెప్పాలి. మా కంపెనీలో సేఫ్టీ చూసే ఇంగ్లండు పెద్దాయన. ఎండకు ఎర్రగా కమిలిన ముఖం, తెల్ల హెల్మెట్. మా బెల్టులు, తాళ్ళు లాగి చూసి తలాడించి పోయేవాడు. ఒకరోజు క్యాంపులో మా ఆట చూసి ఆగిపోయాడు. తర్వాతి శుక్రవారం మడత కుర్చీ తెచ్చుకున్నాడు. ఆ పై శుక్రవారం అంపైరయ్యాడు. అప్పుడు తెలిసింది, ఆయన వాళ్ళ దేశంలో కౌంటీకి ఆడిన మనిషని. కౌంటీ అంటే ఏమిటని మావాళ్ళు అడిగారు. "మన జిల్లా లెక్క," అన్నాడు ఏసీ భాయ్. అంతే, అందరూ లేచి నిలబడ్డారు. జిల్లాకు ఆడిన మనిషి!

నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఆయనతో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ణి. తీరిగ్గా ఉన్నప్పుడు తన సంగతి చెప్పాడు. యువకుడిగా కాగితం మిల్లులో గుమాస్తా. శనివారాలు ఊరి క్లబ్బుకు ఆడేవాడు. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళని వాళ్ళ దగ్గర ఒక జాతిగా చూసేవారట. ఆయన ఆ జాతిలో ఆఖరివాళ్ళలో ఒకడు. ఓ ఆగస్టులో కౌంటీ ఆటగాళ్ళు వరసగా దెబ్బలు తగిలి పడిపోతే మిల్లుకు ఫోన్ వచ్చింది. జీతం లేని సెలవు పెట్టి రైలెక్కాడు. మొదటి రోజంతా వాన. రెండో రోజు కాసేపు ఎండ కాస్తే, ఈయన్ను గడ్డి కోసే యంత్రాలు పెట్టే షెడ్డు పక్కన నిలబెట్టారు. ఒక బంతి ఆయన వైపు వచ్చింది, ఆయన్ను దాటుకుని బౌండరీకి పోయింది. తీసి విసిరాడు. మళ్ళీ వాన. బ్యాట్ పట్టలేదు, బంతి వేయలేదు. ఇంకెప్పుడూ పిలవలేదు. తర్వాత మిల్లు మూతపడింది, సేఫ్టీ పని నేర్చుకున్నాడు, సముద్రంలో చమురు బావుల మీద తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చాడు.

"జట్టు టోపీ ఇచ్చారా సార్?" అని అడిగాను.

"ఒక్క మ్యాచ్‌కు ఇవ్వరు," అన్నాడు.

అది విని నాకు ఆయన మీద అభిమానం, ఈర్ష్య రెండూ కలిగాయి. వాళ్ళ దగ్గర కూడా ఆ కౌంటీలో పుట్టి ఉండాలి, లేదా అక్కడ కాపురం ఉండాలట. ఆయన పుట్టింది వాగుకు అవతలి కౌంటీలో. ఇవతల మేనత్త ఇంట్లో ఉన్నాడని ఒప్పుకున్నారు. మేనత్త ఇంట్లో ఉన్నవాడికి వాళ్ళు జిల్లా ఇచ్చారు. బావ వీసా మీద వచ్చినవాడికి బావే ఇవ్వలేదు. ఆయన వానల మధ్య కాసేపు నిలబడి జీవితాంతం జిల్లా ఆటగాడయ్యాడు. నేను ప్రతి శుక్రవారం ఎండలో, బురదలో, రెండు జట్లకూ నిలబడి ఏమీ కాలేదు. నాకు కావలసింది కప్పు కాదు. వీపు మీద ఒక జిల్లా పేరున్న చొక్కా, పచ్చదో ఎర్రదో.

ఆ ఏడు క్యాంపు జట్ల కప్పు పోటీలో ఫైనల్ సిరిసిల్లకూ జగిత్యాలకూ పడింది. కౌంటీ సారు అంపైరు. మొదట సిరిసిల్ల బ్యాటింగ్. అందులో నేను చివర దిగి ఒక్క పరుగు తీసి నాటౌట్‌గా మిగిలాను (ఎవరూ చప్పట్లు కొట్టలేదు). తర్వాత జగిత్యాల బ్యాటింగ్‌కు దిగింది. నేను మళ్ళీ ట్యాంకర్ దగ్గరికి. మధ్యలో బావ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"బామ్మర్దీ, ఇయ్యాల రెండు క్యాచులు వట్టినవంటే ఎర్ర జెర్సీ నీకే. అక్క మీద ఒట్టు."

రెండు పట్టాను. రెండూ "నాది! నాది!" అని అరిచి మరీ పట్టాను. రెండో క్యాచ్ తర్వాత బావ వైపు చూస్తే ఆయన బౌలర్ని మెచ్చుకుంటున్నాడు.

చివరి ఓవర్ వచ్చేసరికి ఏసీ భాయ్ తప్ప జగిత్యాలవాళ్ళంతా అవుటై, కామన్ వంతు వచ్చింది. ట్యాంకర్ దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి బ్యాట్ అందుకున్నాను. ఇప్పుడు నేను జగిత్యాల మనిషిని. ట్యాంకర్ దగ్గర ఎవరూ లేరు, ఎందుకంటే అక్కడ ఉండాల్సిన నేను ఇక్కడున్నాను. అవతలి కొసన ఏసీ భాయ్. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. భాయ్ పిచ్ మధ్యదాకా వచ్చి నా చెవిలో అన్నాడు. "తమ్మీ, రెండు కొట్టు. కొడితే పచ్చ జెర్సీ నీది. అల్లా కసమ్. నా ఒంటిమీదిది ఇడిచి ఇస్త."

బంతి వచ్చింది. కళ్ళు మూసుకోలేదు గానీ తెరిచి ఉన్నాయని కూడా చెప్పలేను. తగిలింది. పైకి లేచింది. చాలా పైకి లేచింది. తల ఎత్తి చూస్తే నేరుగా ట్యాంకర్ వైపు పోతోంది. ఒకవైపు నుంచి బావ, ఇంకోవైపు నుంచి ఆయన కింద పనిచేసే ఒక మేస్త్రి పరుగెత్తుకొస్తున్నారు. అప్పుడు నేను గొంతు చించుకుని అరిచాను.

"నాది! నాది! ఎవ్వరూ రావద్దు!"

ఇద్దరూ టక్కున ఆగిపోయారు. పొద్దుటినుంచి ఆ గొంతు వినిపిస్తే ఆగడం వాళ్ళకూ అలవాటే. బంతి ఇద్దరి మధ్యా బురదలో పడి అక్కడే కూరుకుపోయింది. నేను బ్యాట్ పట్టుకుని ట్యాంకర్ వైపు నాలుగడుగులు పరుగెత్తాను కూడా.

"అరే ఇధర్ ఆ రే! ఉధర్ కైకు జారా!" అని భాయ్ అప్పటికే నా పక్కకు వచ్చి మెడ పట్టుకుని అవతలి వికెట్ వైపు తిప్పాడు. ఒక పరుగు, ఇంకో పరుగు. వాళ్ళు బురదలోంచి బంతి పెకలించేలోపు అయిపోయింది.

తర్వాత జరిగినదాన్ని గోల అంటే చిన్నమాట. మైదానం పక్కన చాయ్ తాగుతున్న నేపాలీలు, బెంగాలీలు కూడా లోపలికి వచ్చేశారు. బావ ముఖం జెర్సీ కన్నా ఎర్రగా ఉంది. "మోసం! బ్యాటింగ్ చేసెటోడు నాది అని ఎట్లొర్లుతడు? అవుట్!" భాయ్ ఊరుకుంటాడా? "వాడు పొద్దటిసంది గదే ఒర్లుతుండు. అప్పుడు మీకు మంచిగ కొట్టిందా?"

కౌంటీ సారు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నిబంధన ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. ఏసీ భాయ్ దాన్ని తెలుగులో చెప్పబోతే బావ అడ్డుపడ్డాడు.

"నువ్వు జెప్పుడేంది? నీది జగిత్యాల. రెండు మాటలు కలిపి జెప్తవ్."

"మరి ఎవరు చెప్తరు?"

"కామనోడు జెప్తడు. వానికి ఇంగ్లీషు వస్తది గదా."

అలా నా మీద జరిగిన విచారణకు నేనే దుబాసీని అయ్యాను. సారు చెప్పింది ఇది: బ్యాట్ పట్టినవాడు కావాలని మాటతో ఫీల్డర్లను ఆపితే అవుట్, అప్పుడు సిరిసిల్ల గెలిచినట్టు. ఫీల్డరే తప్పుగా పిలిచి క్యాచ్ పోగొడితే అది ఫీల్డింగ్ జట్టు ఖర్మ, పరుగులు చెల్లుతాయి, అప్పుడు జగిత్యాల గెలిచినట్టు. తర్వాత నా వైపు తిరిగి సారు ఒక ప్రశ్న అడిగాడు. దాన్ని నేను అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాను: "అరిచినప్పుడు నువ్వు ఎవరి మనిషివి?"

అందరూ నా వైపు చూశారు. నన్ను అంతమంది ఒక్కసారి చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"సార్, ట్యాంకర్ వైపు బంతి లేస్తే అరవడం నా పని," అన్నాను.

"నువ్వు ట్యాంకర్ దగ్గర లేవు కదా?"

"బంతి అక్కడికే పోయింది కద సార్."

సారు వంగి షూ లేసు కట్టుకున్నాడు. నవ్వు ఆపుకున్నాడో, ఆలోచించాడో తెలియదు. చివరికి తీర్పు చెప్పాడు. ఇతను ఫీల్డర్‌గా అరిచాడు, కావాలని కాదు, రెండు పరుగులూ చెల్లుతాయి. నేనే తర్జుమా చేశాను. నేను ఆఖరి మాట పూర్తి చేసేలోపే పచ్చ జెర్సీలు గాల్లోకి లేచాయి.

నేను భాయ్ దగ్గరికి పోయి చెయ్యి చాచాను. "భాయ్, జెర్సీ అన్నవ్."

భాయ్ నన్ను పక్కకు తీసుకుపోయాడు. "అన్న తమ్మీ, కాదంటలేను. గని సోచాయించు. సార్ ఏమన్నడు? నువ్వు అరిచింది సిరిసిల్ల ఫీల్డర్‌గ అన్నడు. గిప్పుడు నేను నీకు పచ్చ జెర్సీ తొడిగితే నువ్వు మా మనిషివి అయితవ్. మా మనిషి అరిస్తే అవుట్. కప్పు వాపస్ ఇయ్యాలె. నేనెట్ల ఇస్త చెప్పు?"

బావ దగ్గరికి పోయాను. బావ గులకరాళ్ళ మీద కూర్చుని షూ విప్పుతున్నాడు. "బావా, రెండు క్యాచులు పట్టిన. సార్ కూడ నేను మీ ఫీల్డర్నే అన్నడు."

"సార్ అంటే అయితదా? నేను ఒప్పుకోలే. నువ్వు జగిత్యాల బ్యాట్స్‌మన్వి, మోసం జేసినవ్. గదే మా మాట. గిప్పుడు నీకు ఎర్ర జెర్సీ ఇస్తే మా ఫీల్డరే మమ్మల్ని ముంచిండని మేమే ఒప్పుకున్నట్టు గాదా? పో బామ్మర్దీ, నా కండ్ల ముంగట ఉండకు."

ఫొటోల దగ్గర ఇంకోటి జరిగింది. పచ్చజట్టు కప్పుతో వరసగా నిలబడింది. నేను కొసన చేరబోతే ఎవడో నా చేతిలో ఫోన్ పెట్టాడు. "కామనోడా, నువ్వు తియ్యి. అందరం వడాలె." తీశాను. తర్వాత ఎర్రజట్టు కూడా ఫొటోకు నిలబడి నన్నే పిలిచింది. అదీ తీశాను. రెండూ బాగా వచ్చాయి. ఆ రెండు ఫొటోలూ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. తీసిందెవరని ఎవరూ రాయరు.

అందరూ వెళ్ళాక సారు కుర్చీ మడుస్తూ నన్ను పిలిచాడు. వాళ్ళ కౌంటీ జట్టు ఫొటో ఏప్రిల్‌లోనే తీసేశారట. ఆయన ఆడింది ఆగస్టులో. "కానీ ఎవరైనా అడిగితే ఆ కౌంటీకి ఆడానని చెబుతాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు," అని, కుర్చీ చంకన పెట్టుకుని, "ఎవరూ అడగలేదు కూడా," అన్నాడు. నన్ను ఓదార్చాలని చెప్పినట్టున్నాడు. నాకు ఇంకా మండింది. ఆయన చెప్పుకోవడానికి ఒక పేరైనా ఉంది. మరుసటి ఏడు ఆయన తన దేశం వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను ఫోర్‌మన్ని. నా కింద పరంజా కట్టే గుంపే ఉంది. కొత్తగా వచ్చిన హెల్పర్లు "కాకా, నువ్వు గూడ ఆడెటోనివట గదా, ఏ జిల్లాకు?" అని అడుగుతారు. నేను విననట్టు పైపుల వైపు చూస్తాను. ఆ కరీంనగర్ జెర్సీలో ట్యాంకర్ వైపు లేచిన బంతిని చూసి అరిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. చేతిలో బ్యాట్ ఉందన్న ధ్యాసైనా లేకపోయింది వాడికి. ఈ రోజు వాడు కనిపిస్తే భుజం తట్టి, ముందు ఒక చొక్కా కుట్టించి ఇచ్చేవాణ్ణి. కానీ ఏ రంగుదో నాకూ తెలియదు. అక్కడే వస్తోంది చిక్కు.

బావ ఇప్పుడు అల్ దోహా అల్ జదీదాలో అక్కతో కాపురం ఉంటున్నాడు. పోయి అడిగితే "పాత ముచ్చట్లెందుకు, చాయ్ తాగు" అంటాడు. చాయ్ తాగి వస్తాను. అక్క చక్కెర తక్కువ వేస్తుంది. ఏసీ భాయ్ అల్ రువైస్ పోర్టు దగ్గర పనిలో ఉన్నాడు. ఫోన్లో అడిగితే గులాబీ పువ్వు బొమ్మ పంపుతాడు. ఇద్దరిదీ ఒకటే భయం. నన్ను ఎవరు తమవాడంటే వాళ్ళు కప్పు పోగొట్టుకున్నట్టు అవుతుందని.

బావా, భాయ్, మీ ఇద్దరికీ అందరి ముందూ చెబుతున్నాను. కప్పు ఎవరి దగ్గరుందో అక్కడే ఉండనీయండి. ఫొటోలు మళ్ళీ దిగనవసరం లేదు. జెర్సీ కూడా వద్దు, ఇప్పుడు నా పొట్టకు పట్టదు. ఆ చివరి బంతికి నేను ఏ జిల్లా మనిషినో చెప్పండి. శుక్రవారం మధ్యాహ్నం దాకా రూములోనే ఉంటాను, ఫోన్ ఎత్తుతాను. రెండు జిల్లాలకూ అని మాత్రం అనకండి. ఒక్క పేరు చెప్పండి.